గని నీరు, ఊరి బావి: సింగరేణి ప్రాంత జల పర్యవేక్షణ – చారిత్రక పరిశీలన

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపాన బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. గోదావరి లోయలో బొగ్గు పొరలు బరాకర్ ఇసుకరాతి శిలల నడుమ ఉన్నాయి. ఆ శిలలలోని నీరు గనిలోకి ఊరుతుంది; పంపులతో తోడనిదే పని సాగదు. కనుక గని నిర్వహణకు నీటి లెక్క మొదటినుండీ అవసరమే. అయితే అది గని లోపలి నీటి లెక్క. తోడినకొద్దీ చుట్టుపక్కల భూగర్భ జలమట్టం గనివైపు వాలుతుంది, ఆ పరిధిలోని బావులు అడుగంటవచ్చు. ఆ బావులను కొలవడం చట్టబద్ధమైన బాధ్యతగా మారడానికి శతాబ్దం పట్టింది.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం వాగులోకి వదిలే నీటి నాణ్యతను పట్టించుకుంది. 1994 ప్రకటన పెద్ద గనులకు పర్యావరణ అనుమతిని తప్పనిసరి చేసింది. పీజోమీటర్లలోనూ బావులలోనూ ఏటా నాలుగు మార్లు నీటిమట్టాన్ని కొలవడం, వాగు నీటిని గనికి ఎగువన, దిగువన సేకరించి పోల్చడం నేడు అనుమతి షరతులలో సాధారణం.

పోలికకు తొలి కొలత ఉండాలి. పాత గనుల విషయంలో చట్టం దానిని కోరలేదు. అందువల్ల బావి ఎండడానికి కారణం గనియా, వర్షాభావమా, బోరుబావులా అన్న వివాదంలో రైతుకు మిగిలింది జ్ఞాపకమే. పాత పహాణీలలో నమోదైన సాగునీటి వనరుల వివరాలను, వృద్ధుల మౌఖిక కథనాలను నేటి కొలతల సరసన ఉంచి చదివితే ఆ లోటు కొంతైనా తీరుతుంది. ఇక్కడ జలశాస్త్రానికి చరిత్ర పరిశోధన తోడు అవసరం.