ఆంధ్రప్రదేశ్ విభజన: కేంద్రం చర్చలు నడిపిన తీరుపై వాదం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను విడదీయడానికి 2009 డిసెంబరు నుంచి 2014 ఫిబ్రవరి దాకా కేంద్ర ప్రభుత్వం జరిపిన సంప్రదింపులు తెలుగునాట రెండు వాదాలు రేపాయి. తెలంగాణ ఇవ్వాలా వద్దా అన్నది మొదటిది. ఇచ్చే పద్ధతి ఇదేనా అన్నది రెండోది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో మొదటి వాదం తీరిపోయింది. రెండోది మాత్రం తీరలేదు.

నేపథ్యం

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక షరతు. ఆ ఏడాది నవంబరులో ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నుంచి తెలంగాణవాదులు వినిపించిన ఫిర్యాదుకు మూలం ఇక్కడే ఉంది: చట్టబలం లేని మాటను నమ్మి మోసపోయాం అని.

సంప్రదింపులా, సాగదీతా?

2009 డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్నారు. రెండు వారాలకే, డిసెంబరు 23న, విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. 2010 ఫిబ్రవరిలో వేసిన శ్రీకృష్ణ కమిటీ ఆ ఏడాది చివర ఆరు ప్రత్యామ్నాయాలతో నివేదిక ఇచ్చింది. శాంతిభద్రతల మీద రాసిన ఎనిమిదో అధ్యాయాన్ని మాత్రం సీల్డు కవరులో కేంద్రానికి అందజేసింది. 2011 మార్చిలో హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ రహస్యాన్ని తీవ్రంగా తప్పుబట్టారు. అందరి అభిప్రాయాలూ విన్న కమిటీ ప్రజలకు చూపని అధ్యాయం రాయడం తెలంగాణలో అనుమానాన్ని పెంచింది. ఆ అనుమానం న్యాయమైనదే. ఆ ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది.

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ విభజన తీర్మానం చేశాక అసంతృప్తి కోస్తా, రాయలసీమల వైపు మారింది. సీమాంధ్రగా పిలిచే ఆ ప్రాంతంలో ప్రభుత్వోద్యోగుల సంఘం ఏపీఎన్జీవోల సమ్మె రెండు నెలలకు పైగా నడిచింది. నిర్ణయం ముందే చేసి, దాని షరతుల కోసం అక్టోబరులో మంత్రుల బృందాన్ని వేశారని సమైక్యవాదుల ఆరోపణ. రాజధాని, నదీజలాలు, ఉద్యోగులు, విద్యుత్తు వంటి చిక్కుముళ్లకు ఆ బృందానికి దక్కింది రెండు నెలలే.

శాసనసభ తిరస్కారం, పార్లమెంటు ఆమోదం

2014 జనవరి 30న శాసనసభ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానించింది. అయినా బిల్లు ఆగలేదు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయం అడగాలి గానీ, పార్లమెంటు దానికి కట్టుబడనక్కర్లేదు. 1960లో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటపడిన ఉదంతంలో పరిస్థితి వేరు. అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే కుదుర్చుకున్న ఒప్పందాన్ని 2019 జనవరి 15న కామన్స్ సభ 432–202 ఓట్లతో కొట్టేస్తే ఆమె మళ్లీ చర్చలకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ చట్టసభ కాదన్న మాటకు బలముంది, ఇక్కడ లేదు.

ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు పెట్టినప్పుడు సీమాంధ్ర ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. సీమాంధ్ర ఎంపీలు పలువురు సస్పెండయ్యారు. 18న బీజేపీ మద్దతుతో బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ఆ సమయంలో టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్న వివరణను సీమాంధ్రలో చాలామంది నమ్మలేదు. లోపమే అయినా సభను వాయిదా వేసి ఉండాల్సింది. కోట్ల మంది భవిష్యత్తును తేల్చే ఓటును వాళ్ల కళ్లెదుట జరపడం కనీస ధర్మం.

ఫిబ్రవరి 20న, పెద్దమనుషుల ఒప్పందానికి సరిగ్గా 58 ఏళ్లు నిండిన రోజున, ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో కొత్త ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. పదేళ్లు కావాలని బీజేపీ తరఫున వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. ఆ హామీని బిల్లులో చేర్చలేదు. సవరణ చేస్తే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. 2016 సెప్టెంబరులో ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ హోదాకు బదులు ప్రత్యేక సాయం ప్రకటించారు. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీయే నుంచి తప్పుకుంది.

అమలు

విభజన చట్టంలో రాసినవి కూడా సాఫీగా సాగలేదు. పదో షెడ్యూలులోని ఉన్నత విద్యామండలి బ్యాంకు ఖాతాల తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 మార్చిలో ఆస్తులు, అప్పులు 58:42 జనాభా నిష్పత్తిలో పంచుకోవాలని తీర్పు వచ్చింది. షెడ్యూళ్లలోని మిగతా సంస్థల లెక్కల మీద పేచీ అలాగే మిగిలింది. హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది. జూలై 6న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులు రేవంత్ రెడ్డి, చంద్రబాబు నాయుడు హైదరాబాదులోని ప్రజాభవన్‌లో కలిసి, పెండింగు సమస్యల మీద అధికారులతో ఒకటి, మంత్రులతో ఒకటి కమిటీలు వేయాలని నిర్ణయించారు. అప్పటికి విభజన జరిగి పదేళ్లు దాటింది.