కుళ్లిన మాట



కాలికి మేకు గుచ్చుకుంటే మన పల్లెల్లో చదువురాని అమ్మమ్మ కూడా "సెప్టిక్ అవుతుందిరా, ఆసుపత్రికి పో" అంటుంది. తన నోట ఉన్నది గ్రీకు మాట అని ఆమెకు తెలియదు. గ్రీకులో "సేపో" అంటే కుళ్లుట. హోమరు ఇలియడ్ కావ్యంలో, ట్రాయ్ తీరాన తొమ్మిదేళ్లు నిలిచిపోయిన ఓడల చెక్కలు చివికిపోయాయని చెప్పడానికి వాడిన క్రియ ఇదే. 38వ కీర్తనలో కంపుకొట్టే గాయములకు పాత నిబంధన గ్రీకు తర్జుమా దీనినే వాడింది. 1867లో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు, గాయములు కుళ్లకుండా కార్బాలిక్ ఆమ్లం వాడే తన పద్ధతిని ప్రకటించి దానిని యాంటీసెప్టిక్ అన్నాడు. అంటే కుళ్లుకు విరుగుడు.

ఈ క్రియకు దగ్గరి చుట్టం "సప్రోస్" అనే మాట. మత్తయి 7వ అధ్యాయంలోని పనికిమాలిన చెట్టు, 13వ అధ్యాయంలో వలలోనుండి ఏరి పారవేసిన చేపలు, రెండూ సప్రోసే. అప్పుడే పట్టిన చేప కుళ్లి ఉంటుందా? ఉండదు. కాబట్టి ఆ కాలానికే ఈ మాటకు "పనికిరానిది" అనే అర్థం కూడా వచ్చిందన్నమాట.

ఎఫెసీ 4:29లో మన నోట రాకూడదని పౌలు చెప్పినదీ సప్రోస్ మాటే. మన తెలుగు బైబిలులో అది "దుర్భాష". మంచి మాటే గానీ, దుర్భాష అంటే బూతులని అనుకుని నేను చాలాకాలం ఆ వచనం దాటిపోయాను. నాకు బూతులు రావు కదా! పండితులు కొందరు అక్కడ "పనికిరాని" అనే అర్థం చాలునంటారు. నాకు మాత్రం కుళ్లు వాసనే తగులుతుంది.

ఎందుకో చెబుతాను. ఒకప్పుడు తోటి సేవకుని సంఘం పెరుగుతోందని విని, ఇంట్లో భోజనం దగ్గర నా భార్యతో ఒక మాట అన్నాను. అందులో బూతు లేదు. ఉన్నది కుళ్లు. ఓర్వలేనివానిని తెలుగువాళ్లం కుళ్లుబోతు అని ఊరికే అనలేదు. సామెతలు 14:30లో మత్సరమును ఎముకలకు కుళ్లు అన్నారు, అక్కడి హెబ్రీ మాటకు కూడా అర్థం కుళ్లే.

మా చిన్నవాడు ఆ మాట విన్నాడు. ఆ సేవకుడు మా ఇంటికి వచ్చిన రోజున, "మా నాన్న మీ గురించి ఇలా అన్నాడు అంకుల్" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన నవ్వారు. కాఫీ మాత్రం సగంలో వదిలేసి లేచారు. నేను ఆయన గుమ్మం తొక్కడానికి మూడు వారాలు పట్టింది.