నిఘంటువుకొక గుర్తు

మా రామకృష్ణాపూర్‌లో నా చిన్నతనాన ‘బాయి’ అన్న మాటకు రెండర్థాలుండేవి. చేదవేసి నీళ్ళు తోడుకునేది ఒక బాయి. మా నాన్న తలకు దీపం కట్టుకుని దిగేది మరొక బాయి. "నాన్న బాయికి పోయిండు" అని అమ్మ అంటే, నీళ్ళకు పోయాడని మా వాడలో ఎవరూ అనుకునేవారు కారు. పైచదువుకు ఊరు దాటి వెళ్ళాక వసతిగృహంలో ఇదే మాట అంటే తోటి విద్యార్థి ఒకడు కంగారుపడి, "బావిలో పడ్డారా?" అని అడిగాడు. అతడికి నచ్చజెప్పడానికి గ్రంథాలయంలో నిఘంటువు తీశాను. బావి అంటే నుయ్యి అని ఉంది, అంతే. గని అన్న అర్థం లేదు. అచ్చులో లేనిదాన్ని నేను చెబితే ఎవరు నమ్ముతారు?

ఆనాటి చిన్నతనపు ఉక్రోషమే తరువాత నన్ను విక్షనరీ వైపు నడిపించింది. ఈ వ్యాసం మాత్రం ఆ నిఘంటువులోని మాటల గురించి కాదు, దాని నెత్తిన ఉండే చిహ్నం గురించి. చిన్న బొమ్మకు ఇంత చరిత్ర ఎందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది.

మన పాత నిఘంటువులకు వేరే గుర్తు అక్కరలేకపోయింది. వాటికి మనుషుల పేర్లే గుర్తులు. 1852లో వెలువడినదాన్ని నేటికీ ‘బ్రౌణ్యం’ అనే పిలుచుకుంటాం. 1885 నాటి శబ్దరత్నాకరము పేరెత్తగానే బహుజనపల్లి సీతారామాచార్యులవారు తలపుకు వస్తారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం మహారాజావారి పేరునే ధరించింది. కర్త పేరో, పోషకుడి పేరో అట్టమీద ఉంటే ఆ పుస్తకానికి గౌరవం దానంతటదే వచ్చేది. మరి కర్త ఒక్కడు కాని నిఘంటువుకు, ఏ రాజూ పోషించని నిఘంటువుకు, ఎవరైనా వచ్చి ఒక మాట చేర్చిపోగల నిఘంటువుకు అట్టమీద ఏం వేయాలి?

విక్షనరీ 2002 డిసెంబరు 12న ఆంగ్లంలో మొదలయింది. దాని తొలి చిహ్నాన్ని రూపొందించినవాడు బ్రియాన్ విబ్బర్. వికీలు నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేరును వ్రాసినవారిలో ఆయన ఒకడు. చిహ్నమంటే బొమ్మ కాదు, నిఘంటువులోని ఒక ఆరోపమే. విక్షనరీ అన్న పదం, పక్కన ఉచ్చారణ, అది నామవాచకమన్న సూచన, ఆపైన అర్థం. నిఘంటువు తన్ను తాను నిర్వచించుకోవడమన్నమాట. ఆలోచన ముచ్చటైనదే. కాని చిక్కు అక్కడే ఉంది. అది అక్షరాలతో కట్టిన చిహ్నం కాబట్టి ప్రతి భాషకూ మార్చి వ్రాయాలి. మార్చుకోగలిగినవారు మార్చుకున్నారు. మార్చే మనుషులు లేని చిన్న భాషలు ఆంగ్లపు చిహ్నాన్నే నెత్తిన పెట్టుకున్నాయి. తన భాషకు నిఘంటువు కడుతున్నవాడి గడపమీద పరాయి భాషలో పేరు!

అందరికీ ఒకే గుర్తు ఉండాలని 2006 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాలుగు దశల పోటీ జరిపారు. నెగ్గినది ‘స్మరేయిన్‌చెస్టర్’ అన్న వాడుకరి గీసిన చిహ్నం. అడ్డం మూడు, నిలువు మూడు, మొత్తం తొమ్మిది చెక్క పలకలు, ఒక్కొక్క పలకపై ఒక్కొక్క లిపిలోని అక్షరం. బాగానే ఉంది. అయితే ఆ ఎన్నికలో విక్షనరీలలో పనిచేసేవారు అనుకున్నంతమంది పాల్గొనలేదు. మా బొగ్గుబాయి భాషలో చెప్పాలంటే మస్టర్ సరిగా పడలేదు. పెద్ద విక్షనరీలు కొన్ని ఆ ఫలితాన్ని తలకెత్తుకోక పాత చిహ్నంతోనే ఉండిపోయాయి.

2009 ఏప్రిల్‌లో మళ్ళీ కదలిక వచ్చింది. మరొక పోటీ జరిగింది. ఈసారి ‘ఏఏఎంగెల్‌మన్’ అన్న వాడుకరి గీసిన తెరచిన పుస్తకం, పలకలతో ముఖాముఖి పోటీపడి నెగ్గింది. నెగ్గింది కాని గద్దెనెక్కలేదు. దానికి మెరుగులు దిద్ది అమలుచేసే పని మధ్యలోనే ఆగిపోయింది. 2012లో అంతవరకూ ఆంగ్లపు చిహ్నాన్నే వాడుతున్న 55 విక్షనరీలకు వారి వారి భాషలలో పేరు వ్రాసిన పలకల చిహ్నాలు అందాయి. ఎన్నికలో ఓడిన పలకలే పనిలో గెలిచాయి. చివరకు 2016 జూలైలో ఆంగ్ల విక్షనరీ కూడా ఆ పలకలకే ఒక రూపాంతరాన్ని స్వీకరించింది. మొదటి పోటీ ముగిసిన పదేళ్ళకు! అప్పటికి ఆ బాణీ చిహ్నం వాడుతున్న విక్షనరీలు 135, పుస్తకాన్ని పెట్టుకున్నవి మూడే.

నిజం చెప్పాలంటే నా మొగ్గు మొదట పుస్తకం వైపే. నిఘంటువంటే పుస్తకమే కదా, గౌరవంగా ఉంటుంది అనుకున్నాను. ఆ అభిప్రాయం మారింది మా ఇంట్లోనే.

తెలుగు విక్షనరీలో నేడు లక్షకు పైబడిన పుటలున్నాయి. అందులో బ్రౌను దొర నిఘంటువునుండి తెచ్చి చేర్చిన అర్థాలు చాలా ఉన్నాయి. అది మంచి పునాది, సందేహం లేదు. కాని విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నది 1871లో. బ్రౌను నిఘంటువు అంతకు ముందుదే. మా బాయి మాటలు అందులో ఉండమంటే ఎలా ఉంటాయి? అవి బొగ్గుతోపాటు భూమిలోంచి పైకి వచ్చిన మాటలు.

ఒక సెలవుదినాన కాగితం, కలం పట్టుకుని నాన్న దగ్గర కూర్చున్నాను. టబ్బు, హాలరు, సర్దారు, ప్లేడే అని ఒక్కొక్కటే చెప్పసాగాడు. తట్టా చెమ్మస్ దగ్గర ఆగాడు. తట్ట తెలిసినదే, చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే పార. అది ఏ భాషనుండి వచ్చిందని అడిగాను.

"బాయి భాష బిడ్డా. ఇంకే భాష? ఇప్పుడు యంత్రాలే ఎత్తుతున్నయి. చెమ్మస్ పట్టినోళ్ళం మేం పోతే ఆ మాట ఎవలకు పని?"

ఆయన ప్రశ్నకు అప్పుడు నేను జవాబు చెప్పలేదు. పని పోయినప్పుడు దాని మాట కూడా పోతుందన్నది ఆయనకు విచారం కలిగించిన విషయం కూడా కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాకే గుండె బరువెక్కింది.

ఆ రాత్రి ఆలోచిస్తే తోచింది. తెరచిన పుస్తకమంటే అప్పటికే అచ్చయిపోయినది. అందులో మా నాన్న మాట లేదని నాకు చిన్నప్పుడే తెలుసు. పలకలు అలా కాదు. తొమ్మిదింటితో ఆగాలన్న నియమం లేదు, పక్కన పదవదాన్ని పెట్టవచ్చు. గీసినవాడి మనసులో ఏముందో కాని నాకు అందులో కనబడింది అదే, మనవాళ్ళకు ఖాళీ చోటు.

చిహ్నం కథలో మరొక పాఠం కూడా ఉంది. వచ్చినవారి మాటే నిలిచింది, రానివారి మాట నిలవలేదు. నిఘంటువులోనూ అంతే. మన ఊళ్ళ మాటలను మనం వ్రాయకపోతే మన తరఫున మరెవరో వచ్చి వ్రాయరు.

బాయి అన్న మాటకు రెండవ అర్థం వ్రాశాను. ఉదాహరణ వాక్యం కావలసి వచ్చింది. అమ్మ మాటనే పెట్టాను, నాన్న బాయికి పోయిండు అని.

మీ ఊరి మాట ఏది?