పిల్లల దృష్టిపరీక్ష: దాని చరిత్రము

పెద్దవారికి చూపు తగ్గినచో వారే కనిపెట్టి చెప్పుదురు. నిన్న కనబడిన యక్షరము నేడు కనబడలేదని వారికి తెలియును. పుట్టినది మొదలు మసకగానే చూచుచున్న బిడ్డకు లోకమే యట్లుండునని తోచును గాని, తన కంటిలో దోషమున్నదని తోచదు. నల్లబల్లమీది వ్రాత కనబడని బాలుడు ఆ మాట చెప్పడు. ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనును, లేదా వ్రాయుటయే మానును. అతనిని మనము సోమరి యందుము, మందమతి యందుము. ఆ నిందను తొలగింపగల సాధన మొకటి గలదు. అది చూపును కొలుచు పద్ధతి. ఆ పద్ధతి యెట్లేర్పడినదో గృహస్థు లెల్లరును తెలిసికొనదగును.

సులోచనములు పుట్టి చాలకాలమునకు గాని చూపునకు కొలత పుట్టలేదు. పదుమూడవ శతాబ్దము చివర ఇటలీదేశమున మొదటి కంటియద్దములు వెలసెను. అవి దగ్గరి వ్రాత కనబడని వృద్ధుల కొరకు చేసిన కుంభాకార కటకములు. దూరపు వస్తువు కనబడనివారికి పుటాకార కటకములు పదునైదవ శతాబ్దమున వచ్చినవి. కంటిలోపలి నేత్రపటలముపై బింబమేర్పడు విధమును, పుటాకార కటకము హ్రస్వదృష్టికి తోడ్పడు కారణమును 1604లో కెప్లరు పండితుడు వివరించెను. అయినను అటుపిమ్మట రెండువందల యేండ్లకు పైగా జనులు అంగడివాని బుట్టలోని యద్దములను ఒక్కొక్కటిగా పెట్టి చూచి, నచ్చినది కొనుచుండిరి. కంటియద్దములు ముదిమికి గుర్తని యెంచబడుచుండెను. నలువదియేండ్లకు వచ్చు దోషమునకు మన భాషలో చత్వారమను పేరే యుండుట చూడుడు.

ఈ భ్రమవలన పిల్లలకు గొప్ప యన్యాయము జరిగినది. కొందరు పిల్లల కనుగ్రుడ్డు పొట్టిగా నుండును. బింబము నేత్రపటలమునకు వెనుక పడును. బిడ్డ కంటిలోని కండరమును బిగించి దానిని ముందునకు తెచ్చుకొనును. లేతవయస్సున ఆ శక్తి మెండు గనుక దూరపు టక్షరము కూడ చదువగలడు, దోషము దాగియుండును. చదువు పట్టినంతనే తలనొప్పి, కన్నుల మంట, అక్షరములు అలుకుకొనిపోవుట. పూర్వవైద్యులు దీనిని కుదురని రోగముగా నెంచిరి. కుంభాకార కటకమిచ్చిన కన్ను చెడునని భయపడి, చదువు మాని దూరపుచూపుతో గడచు వృత్తి చూచికొమ్మని చెప్పినవారును గలరు.

హాలెండుదేశమందలి ఉట్రెక్టు నగరవైద్యుడగు డాండర్సు 1864లో ప్రకటించిన గ్రంథమున ఈ చిక్కు విప్పెను. ఇది రోగము గాదు, కంటి యాకారమునందలి భేదము. చత్వారము వేరు, దీర్ఘదృష్టి వేరు. భయపడిన యా కటకమే దీనికి మందు అని యాతడు నిరూపించెను. లోపలికి తిరుగు మెల్లకన్ను పెక్కుమారులు ఈ బిగింపువలననే పుట్టుచున్నదనియు చూపెను. మెల్లకన్ను అదృష్టచిహ్నమను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచుండును. ఆ మాట నమ్మి యూరకుండుటవలన బిడ్డకు కలుగు నష్టము ముందు చెప్పెదను.

డాండర్సునకు సహచరుడగు స్నెలెను అదే నగరమున 1862లో అక్షరఫలకమును సిద్ధపరచెను. అంతకుముందును చిన్న పెద్ద యక్షరముల పట్టికలు లేకపోలేదు గాని, వానికి అందరకు నొక్కటియగు ప్రమాణము లేకుండెను. స్నెలెను ఒక్కొక్క యక్షరమును ఐదుగళ్ల వెడల్పు, ఐదుగళ్ల యెత్తుగల చదరములో నిమిడ్చెను. నియతదూరమునుండి చూచినపుడు అక్షరమంతయు కంటివద్ద ఐదు కలల కోణమును, ఒక్కొక్క గీత ఒక కల కోణమును చేయును. కల యనగా అంశలో 60వ భాగము. 60 మీటర్లనుండి కనబడవలసిన యక్షరమును 6 మీటర్లకు వచ్చిన గాని చదువలేనివాని చూపు 6/60. ఆరోగ్యమగు చూపు 6/6. అక్షరము రాని బిడ్డకు ఆంగ్లపు 'ఈ' యక్షరమును నలుదిక్కులకు త్రిప్పి చూపి, దాని కాళ్లెటున్నవో చేతితో చూపుమనిన చాలును. నాటినుండి బిడ్డ చెప్పలేని మాటను అంకెలు చెప్పసాగెను.

ఈ కొలతను బడికి గొనిపోయినవాడు బ్రెస్లా నగరపు హెర్మను కోను. ఆ నగరమునకు నేటి పేరు వ్రోత్స్వాఫు; పోలెండులోనిది. ఆయన 10,060 మంది విద్యార్థుల కన్నులు పరీక్షించి 1867లో ఫలితము ప్రకటించెను. పల్లెబడులలో నూటికి ఒకరిద్దరికే హ్రస్వదృష్టి. ఉన్నతవిద్యాలయములలో నూటికి 26 మందికి. చదువు పెరిగినకొలది దోషము పెరిగినది. ఆయన తప్పును పిల్లలపై వేయక, చీకటిగదులపైనను సరిపడని బల్లలపైనను మోపెను. నేటి శాస్త్రము మరియొక కారణమును చేర్చినది. చీనాదేశపు గ్వాంగ్‌జౌ నగరమున బడిపిల్లలకు దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడపు నేర్పాటు చేసి మూడేండ్లు చూడగా, క్రొత్తగా హ్రస్వదృష్టి కలిగినవారు నూటికి 30 మంది. ఆ యేర్పాటు లేని బడులలో 39 మందికి పైగా. ఇది 2015లో ప్రకటితమైనది. ఎండవెలుగున ఆడుకొనుట కాలహరణము గాదు.

ఇక అన్నిటికంటె దాగియుండునది మందదృష్టి. ఒక కన్ను మెల్లగానున్నను, ఒక కంటి దోషము రెండవదానికంటె హెచ్చుగానున్నను, మెదడు ఆ కంటి బింబమును త్రోసివేయ నలవాటుపడును. మంచికన్నును మూసి బలహీనమగు కంటికి పని కల్పింపవలెనని ఫ్రాన్సుదేశపు బుఫాను 1743లోనే చెప్పియుండెను. అందలి రహస్యమును హ్యూబెలు, వీసెలు అను శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతపు దశాబ్దమున పిల్లికూనలపై పరిశోధించి తెలిసికొనిరి. పుట్టిన తొలిమాసములలో ఒక కన్ను మూయబడినచో ఆ కంటికి మెదడు పలుకుట మానును. ఎదిగిన పిదప మూసిన అట్టి హాని కలుగదు. 1981లో వారికి నోబెలు బహుమతి వచ్చినది. మనుష్యశిశువునకును ఇట్టి గడువు గలదు. ఏడెనిమిదేండ్లు దాటినకొలది చికిత్సాఫలము తగ్గుచు పోవును. పెద్దయైన పిమ్మట చూతమనుట తలుపు మూసికొనుటయే.

మన ప్రాంతమున 1819లోనే మద్రాసున నేత్రవైద్యశాల వెలసినది. విటమిను 'ఏ' లోపమువలని రేచీకటిని, అంధత్వమును నివారించుటకు 1970లో ప్రభుత్వము శిశువుల కా మందు నిచ్చు పథకము నారంభించెను. మహబూబునగరు జిల్లా పల్లెలలో 7 మొదలు 15 ఏండ్ల పిల్లలను 4,000 మందికి పైగా పరీక్షించిన వృత్తాంతము 2002లో వెలువడినది. చూపు తగ్గిన కన్నులలో నూటికి 60కి దోషము అద్దములతో సరిపడునదే! ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న ఆరంభమైన కంటివెలుగు పథకము మొదట బడిపిల్లలనే పరీక్షించినది.

ప్రభుత్వము బడివరకు వచ్చును. ఇంటిలోనికి రావలసినది మన వివేకము. బడిలో వేయుటకు ముందే, మూడు నాలుగేండ్లకే, బిడ్డ చూపును పరీక్ష చేయింపవలెను. ఒక్కొక్క కంటిని మూసి చూపుట మరువరాదు. కనుపాపలో తెల్లదనము కనబడినచో ఒక్కదినమైనను ఆలసింపరాదు. ఆడపిల్లకు అద్దములు పెట్టిన పెండ్లి కాదని దోషమును దాచు తల్లిదండ్రులు, ఆమె చదువును, కన్నును కూడ ఒక్క భయమునకు బలి యిచ్చుచున్నారు. పిల్లవాడు చదువలేదని కోపించుటకు ముందు, వానికి కనబడుచున్నదా యని యడుగుట మన ధర్మము. ఆ ప్రశ్నకు వాడు జవాబు చెప్పలేడు, ఫలకము చెప్పును.