చిట్టాకెక్కని సిగ్గు

‘కన్యాశుల్కం’ నాటకానికి మూలం ఒక చిట్టా. విజయనగరం మహారాజు ఆనంద గజపతి పూనికతో తయారైన పెళ్లిళ్ల చిట్టా అది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాలు ఆడపిల్లకు వెల పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034 అని తేలింది. అంటే ఏడాదికి సగటున 344కు పైనే. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఉయ్యాల దిగని ఆ ముగ్గురి ధర తలకు 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలను నాటకం పీఠికలో అచ్చువేసిన గురజాడ అప్పారావు, చిట్టా మాత్రం పూర్తిది కాదన్నాడు. కారణం కూడా చెప్పాడు. శుల్కం పుచ్చుకున్నట్టు ఒప్పుకోవడానికి జనం వెనకాడారు.

నాటకం పుట్టింది ఆ వెనకాడడంలోంచే అనిపిస్తుంది. శుల్కం తీసుకోవడం పాపమని అగ్రహారానికి తెలియక కాదు. కూతురికి డబ్బు పుచ్చుకున్న తండ్రి సంతానాన్ని అమ్ముకున్నవాడేనని మనుధర్మశాస్త్రమే చెబుతుంది. అయినా డబ్బు చేతులు మారేటప్పుడు చెయ్యి వణకలేదు. లెక్క రాసేవాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. పాపం తెలుసు, పశ్చాత్తాపం లేదు, బయటపడితే సిగ్గు. ఈ మూడింటి మధ్య ఉన్న సందులోకే గురజాడ నవ్వును తీసుకొచ్చాడు.

గురజాడ 1862 సెప్టెంబరు 21న ఎలమంచిలి దగ్గరి రాయవరంలో, మేనమామ ఇంట పుట్టాడు. ఇప్పుడది ఎస్.రాయవరం. చీపురుపల్లిలో అక్షరాలు దిద్ది, విజయనగరంలో చదివి, అక్కడి మహారాజా కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. ఆ చిట్టా తయారైన జిల్లా ఆయన పుట్టి పెరిగిన జిల్లాయే.

ఇలాంటి సిగ్గు గురించే, ఆయన పుట్టడానికి 12 ఏళ్ల ముందు, 1850లో, అమెరికాలో నథానియల్ హాథార్న్ ‘ది స్కార్లెట్ లెటర్’ అచ్చువేశాడు. 17వ శతాబ్దపు బోస్టన్‌లో కఠిన నిష్ఠ గల ప్యూరిటన్ క్రైస్తవుల సమాజంలో జరిగే కథ అది. పెళ్లయిన హెస్టర్ ప్రిన్ మరొకరి బిడ్డను కన్నది. ఊరు ఆమెను బిడ్డతో సహా దండన వేదిక ఎక్కించింది. బతికినన్నాళ్లూ రొమ్ము మీద ఎర్రటి ‘ఏ’ అక్షరం తొడుక్కోమని శాసించింది. బిడ్డ తండ్రి, ఊరంతా పూజించే పాదిరీ డిమ్స్‌డేల్, లోలోపలే కుళ్లిపోయి, చివరికి అదే వేదికెక్కి తప్పు ఒప్పుకుని ప్రాణం విడుస్తాడు. సేలంలో మంత్రగత్తెలంటూ జనాన్ని విచారించిన న్యాయమూర్తుల్లో ఒకడు హాథార్న్ పూర్వీకుడే. తాతల పాపభారం మనవడి కలం మీద పడింది. సుంకాల కచేరీ మేడ మీద పాత కాగితాల్లో ఆ గుడ్డ అక్షరం దొరికిందని ఆయన ముందుమాటలో రాశాడు. ఆ కాగితాలు కల్పన. మన విజయనగరం కాగితాలు నిజం.

మనకు రొమ్ము మీద అక్షరం కుట్టే ఆచారం లేదు. వెలి ఉండేది. పురోహితుడు గడప తొక్కేవాడు కాదు, నీళ్లు మోసేవాడు వచ్చేవాడు కాదు, బంతిలో విస్తరి పడేది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆయనకూ తోడు నిలిచినవాళ్లకూ ఆ రుచి బాగానే తెలిసింది. పసిపిల్లను అమ్మినవాడికి వెలి ఉండేది కాదు. విధవకు పెళ్లి చేసినవాడికి ఉండేది.

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది. 1897లో అయిదంకాల పుస్తకంగా అచ్చయింది. వాడుకభాషలో రాయడంతో గుట్టు విప్పడం తేలికైంది. గ్రాంథికంలో దాక్కోగలిగిన పెద్దమనిషి, ఇంట్లో మాట్లాడే మాటల్లో దాక్కోలేడు. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు పీనాసితనం, పెద్దమనిషిగా చలామణీ అయ్యే రామప్పపంతులు బడాయి, సంస్కర్తనని చెప్పుకునే గిరీశం ఇంగ్లీషు ముక్కలు, ఎవరి నోరు వారినే పట్టిస్తుంది.

ఈలోగా ఇంకో గాలి వీచింది. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు, భోగం మేళాలకు, అంటే వేశ్యల ఆటపాటలకు, హాజరు కావద్దని వైస్రాయికీ గవర్నరుకీ అర్జీలు పెట్టారు. ఆంధ్రలో ఆ శీలశుద్ధి ఉద్యమానికి పెద్ద దిక్కు, 1862లోనే పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు. ఉద్దేశం మంచిదే. అయితే ఎర్ర అక్షరం మళ్లీ ఆడదాని రొమ్మునే వెతుక్కుంది. మేళం పెట్టించినవాడు సంస్కారిగా మారితే సరిపోయింది. మేళంలో ఆడినదానికి మాత్రం ఆ ముద్ర చెరగలేదు.

గురజాడ నాటకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. 1909 నాటికి అది ఏడంకాలైంది. అంతకుముందు చిన్నదిగా ఉన్న వేశ్య మధురవాణి పాత్ర కథను నడిపించే స్థాయికి పెరిగింది.

ఆమె మెడలోని కంటె అనే నగ సంగతి చూడండి. లుబ్ధావధాన్లు పెళ్లికి రామప్పపంతులు మధురవాణి కంటె అరువు తెస్తాడు. వేశ్య మెడలోని నగ అగ్రహారపు పెళ్లికూతురి మెడలో పడుతుంది. ఆ పెళ్లికూతురు చీరకట్టిన మగపిల్లాడు. పవిత్రమైన వేడుకలో వధువు దొంగ. అసలైన సరుకు ఏదైనా ఉందంటే అది ఊరు మైల అనుకునేదాని నగే. పెళ్లికూతురు మాయం కాగానే, మెళ్లో పుస్తె కట్టినవాడి మీద హత్యానేరం పడుతుంది. పంతులు మీద కంటె బాకీ పడుతుంది.

చివరి ఘట్టం విశాఖపట్నంలో, వకీలు సౌజన్యారావు ఇంట్లో. ఆయన మంచివాడు, వేశ్యల ముఖం చూడని వ్రతం పట్టినవాడు. మధురవాణి మగవేషంలో వచ్చి, లుబ్ధావధాన్లును కాపాడే రహస్యం తన దగ్గర ఉందంటుంది. అందుకు వెల ఒక ముద్దు. ఆడపిల్లలకు వెల కట్టిన నాటకంలో చివరి బేరం ఇది, ఈసారి వెల చెప్పింది ఆడదే. ఒక ప్రాణం కోసం వ్రతం వదులుకోవాలా అని సౌజన్యారావు తల్లడిల్లి, చివరికి సిద్ధపడతాడు. ఆమె మాత్రం ముద్దు వద్దంటుంది. చెడనివాణ్ణి చెరచకూడదన్నది ఆమె తల్లి నేర్పిన నీతి. న్యాయం చెప్పవలసిన వకీలు ఆమె ముందు ముద్దాయిలా నిలబడ్డాడు.

నాటకమంతా వేషాలే. పిల్లాడు పెళ్లికూతురి వేషం, గిరీశం సంస్కర్త వేషం, పంతులు పెద్దమనిషి వేషం. మిగతావాళ్ల వేషాలు ఎవరో ఒకరు లాగితే ఊడినవే. మధురవాణి మాత్రం తనంతట తానే వేషం తీసి, తాను ఫలానా అని చెప్పింది.

చిట్టా రాసేవాడికి 1034 పెళ్లిళ్ల లెక్క దొరికినా దొరకనిది ఆ ఒప్పుకోలే. హాథార్న్ పాదిరీకి అది ప్రాణం పోయే ఘడియలో గానీ నోట రాలేదు. మధురవాణి దాన్ని నిలబడి, నవ్వు మొహంతో చెప్పేసింది.