మన పెద్దలూ సంతకు వెళ్ళారు

ఏటా ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, వేదికల మీద ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ఆదివాసీ అంటే ప్రకృతి బిడ్డ. వినడానికి బాగానే ఉంటుంది. ఆ మాట మన పిల్లల భుజాల మీద ఎంత బరువు పెడుతుందో హాస్టళ్ళలో పిల్లలతో ఉండే మాకు తెలుసు. చేతిలో చిప్స్ ప్యాకెట్ కనబడితే చాలు, "నువ్వు ఆదివాసీ పిల్లవేనా?" అని నవ్వేవాళ్ళు ఉన్నారు. ఆ పిల్ల తాత పోడు కొట్టాడని తెలిస్తే "అడవిని తగలబెట్టింది మీరే కదా" అనేవాళ్ళూ ఉన్నారు. ఒకరు మనల్ని దేవుళ్ళను చేస్తారు, మరొకరు దొంగల్ని చేస్తారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన విశాఖ మన్యం చరిత్ర కాస్త నిదానంగా చూడండి. మన పెద్దలు ఈ రెండూ కాదని తెలుస్తుంది.

ముందు ఉప్పు సంగతి చెప్పుకుందాం. కొండ మీద ఉప్పు పండదు. అందుకని మనవాళ్ళు చింతపండు, తేనె, అడ్డాకులు, కరక్కాయలు కావిడి కట్టుకుని సంతకు దిగేవారు. ఉప్పు, ఎండు చేపలు, బట్ట తెచ్చుకునేవారు. గదబ స్త్రీలు ఒకప్పుడు చెట్ల నార తీసి తమ చీరలు తామే నేసుకున్నారు. ఆ నారతో పాటు మగ్గం మీద నూలు పోగు కూడా ఉండేది. అంటే బయటి సరుకు లేని కాలం మనకు ఎప్పుడూ లేదు. ఏది అడవి నుంచి తీసుకోవాలో, ఏది సంతలో కొనుక్కోవాలో వాళ్ళకు ఒక లెక్క ఉండేది. అంతే.

పోడు కూడా అలాంటిదే. మనవాళ్ళు అడవిని కాల్చలేదని చెప్పుకుంటే అది అబద్ధం. ఎండాకాలంలో కొండవాలున పొదలు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోళ్ళు, సామ, కొర్ర, కంది, చిక్కుడు కలిపి చల్లేవారు. ఒక పంట పోయినా మరొకటి కడుపు నింపేది. ఇప్ప, మామిడి, పనస, చింత, జీలుగు చెట్ల మీద మాత్రం గొడ్డలి వేసేవారు కాదు. రెండు మూడేళ్ళు పండించాక నేల సత్తువ తగ్గితే దాన్ని వదిలి మరో వాలుకు వెళ్ళేవారు. వదిలిన చోట ఏళ్ళ తరబడి అడవి మళ్ళీ లేచేది. అడవికి దెబ్బ తగిలేది, కోలుకునే గడువు కూడా దొరికేది.

ఆ గడువుకు కాపలా మన పండుగలే. మామిడి కొత్త చేసే వరకు కొత్త మామిడికాయ నోట పెట్టరు. చిక్కుడు కొత్త, కొర్ర కొత్త కూడా అంతే. కాయ ముదురుతుంది, విత్తనం నిలుస్తుంది, బలమున్నవాడు ముందే దులుపుకుపోకుండా ఊరందరికీ దక్కుతుంది. మరి కట్టు తప్పినవాళ్ళు లేరా? ఉన్నారు. అందుకే ఊరి పెద్దల ముందు 'తప్పు' కట్టే ఆచారం వచ్చింది. తప్పు కట్టి, అందరితో కలిసి భోజనానికి కూర్చుంటే ఆ మనిషి మళ్ళీ ఊరివాడే. మనుషులు తప్పు చేస్తారని ముందే తెలుసు కాబట్టే, తిరిగి రావడానికి దారి కూడా కట్టులోనే పెట్టారు.

ఈ లెక్క చెడింది మనవాళ్ళ వల్ల మాత్రమే కాదు. 1879లో రంప తిరుగుబాటు రేగడానికి కల్లు మీద వేసిన చిగురుపన్ను, పోడు మీద ఆంక్షలు కారణాల్లో ఉన్నాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల హద్దులు గీశారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. ఆ పోరు వెనుక రోడ్డు పనుల్లో వెట్టి ఉంది, అడవిలోకి రానివ్వని కష్టం ఉంది. తిరగడానికి చోటు తగ్గింది, కుటుంబాలు పెరిగాయి. వదిలిన నేల కోలుకోకముందే మళ్ళీ దాని మీదికే రావలసి వచ్చింది. పోడు వల్ల కొండలు బోడి అయ్యాయన్న నింద మన మీద పడింది. గడువు ఎందుకు తగ్గిందని అడిగినవాళ్ళు తక్కువ.

అయినా మనవాళ్ళు అక్కడే ఆగిపోలేదు. 1960ల నుంచి అటవీ శాఖ, తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు మన్యంలో కాఫీ తోటలు పెంచాయి. పోడు తగ్గించాలన్నది అందులో ఒక ఉద్దేశం. కాఫీ పుట్టిల్లు ఆఫ్రికా. దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. మన అడవిలో ఉండే నానా రకాల చెట్లకు ఆ ఒక్క చెట్టు సాటి రాదు, నిజమే. అయినా నీడ కావాల్సిన పంట కాబట్టి కొండ మీద చెట్టు నిలిచింది. ఆ చెట్టుకు మిరియం తీగ పాకింది, ఇంటికి నాలుగు డబ్బులు వచ్చాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. అన్నీ కుదిరే పద్ధతి దొరికాకే మొదలుపెడదామని కూర్చుని ఉంటే ఆ తోటలు ఉండేవి కావు.

ఈ చరిత్ర మీకెందుకు చెబుతున్నామంటే, మీలో చాలామంది "మా వల్ల ఏమవుతుందిలే మేడమ్" అంటున్నారు. షాంపూ ప్యాకెట్టు వాడుతున్నాం, బండి మీద తిరుగుతున్నాం, ఇంక అడవి గురించి మాట్లాడే హక్కు మాకేదీ అని సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గు అడవికి ఏ మేలూ చేయదు. మిమ్మల్ని గ్రామసభకు రాకుండా మాత్రం చేస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా ఒక్కటే ఇవ్వలేదు. ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే హక్కు కూడా ఇచ్చింది. ఆ హక్కు కోసం గ్రామసభలో చెయ్యెత్తడానికి ఎవరూ మీ చేతిలో ఏ సీసా ఉందని అడగరు.

కాబట్టి చేయగలిగింది చేయండి. ఊళ్ళో పెళ్ళికి థర్మాకోల్ ప్లేట్లు తెస్తుంటే, ఒక్క పంక్తికైనా అడ్డాకు విస్తళ్ళు వేయించండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ దగ్గర ఏ చిక్కుడు గింజ మిగిలిందో, ఏది పోయిందో అడిగి రాసుకోండి. వారంలో రెండు పూటలు చోడి అంబలి తాగండి, మిగతా పూటలు అన్నం తినండి. ఒక వారం తప్పితే మరుసటి వారం మళ్ళీ మొదలుపెట్టండి. మన పెద్దలు సంతకు వెళ్ళి ఉప్పు తెచ్చుకున్నారు, తిరిగొచ్చి మామిడి కొత్త కోసం ఆగారు. మనకు అందిన అడవి అలా బతికిన మనుషులు మిగిల్చిందే.