నాలుగు చోట్లు మారిన రాజధాని: ఆంటిగ్వా గ్వాటెమాలా

గ్వాటెమాలాలోని సకతెపెకెస్ జిల్లాకు ముఖ్యపట్టణం ఆంటిగ్వా. చుట్టుపక్కల పల్లెలు కూడా ఆంటిగ్వా మునిసిపాలిటీలోకే వస్తాయి. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున పాంచోయ్ లోయలో ఉన్న ఈ ఊరి చుట్టూ ఆగ్వా, ఫ్వేగో, అకతెనాంగో అగ్నిపర్వతాలున్నాయి. రెండు శతాబ్దాలకు పైగా మధ్య అమెరికాలో స్పెయిన్ పాలన ఇక్కడి నుంచే సాగింది.

స్పెయిన్ సేనాని పెద్రో దె అల్వరాదో 1524లో కాక్చికెల్ మాయాల రాజధాని ఇషీమ్‌చేలో శాంటియాగో నగరాన్ని తమ రాజధానిగా స్థాపించాడు. కాక్చికెల్‌లు తిరగబడడంతో అక్కడ నిలవడం సాధ్యం కాలేదు. 1527లో రాజధానిని ఆగ్వా పర్వతం కింది ఆల్మొలొంగా లోయకు తరలించారు. 1541 సెప్టెంబరులో కుండపోత వానలకు ఆ కొండ మీది నుంచి బురద, బండరాళ్లు విరుచుకుపడి ఊరిని ముంచేశాయి. భర్త అల్వరాదో మరణానంతరం గవర్నరు పదవి చేపట్టిన బెయాత్రిస్ దె లా క్వేవా ఆ ప్రమాదంలోనే చనిపోయింది. 1543లో రాజధాని పాంచోయ్ లోయకు చేరింది.

నిలువు, అడ్డ వీధులతో గళ్లుగా వేసిన ఈ కొత్త నగరం చియాపాస్ నుంచి కోస్టారికా దాకా విస్తరించిన ప్రాంతానికి పాలనాకేంద్రమైంది. 1660లో ఇక్కడికి ముద్రణాయంత్రం వచ్చింది. 1676లో సాన్ కార్లోస్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మఠాలు, చర్చిలు వీధివీధినా లేచాయి.

నేల మాత్రం స్థిమితంగా లేదు. 1717 భూకంపం తర్వాత భవనాలను తక్కువ ఎత్తులో, దళసరి గోడలతో, లావైన స్తంభాలతో కట్టడం పెరిగింది. 1767లో పూర్తయిన లా మెర్సెద్ చర్చి ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ.

1773 జులై 29న వచ్చిన పెద్ద భూకంపం నగరంలో చాలా భాగాన్ని కూల్చేసింది. రాజధానిని మార్చాలని గవర్నరు మార్తిన్ దె మయోర్గా పట్టుబట్టగా, ఆర్చిబిషప్ పెద్రో కోర్తెస్ ఇ లర్రాస్ గట్టిగా వ్యతిరేకించాడు. చివరికి గవర్నరు మాటే నెగ్గింది. 1776లో ఎర్మితా లోయలో కొత్త రాజధాని వెలసింది. అదే నేటి గ్వాటెమాలా నగరం. పాత ఊరికి ఆంటిగ్వా గ్వాటెమాలా, అంటే పాత గ్వాటెమాలా, అన్న పేరు స్థిరపడింది.

వెళ్లిపొమ్మన్నా కొందరు ఊరు వదల్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో మొదట కొచినీల్ పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు, తర్వాత కాఫీ తోటలు ఊరికి బతుకుతెరువు చూపాయి. అధికారం తరలిపోవడంతో కొత్త నిర్మాణాల ఒత్తిడి తగ్గి, పాత వీధులూ శిథిలాలూ చాలావరకు అలాగే నిలిచాయి. 1944లో దేశం ఆంటిగ్వాను జాతీయ స్మారకంగా ప్రకటించింది. 1969లో దాని పరిరక్షణకు ప్రత్యేక చట్టం వచ్చింది. 1976 భూకంపం మళ్లీ నష్టం కలిగించినా, 1979లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.